చెల్లెలి వీడియో, అన్నయ్య సలహా

మెక్నెస్, నవంబరు 9

ప్రియమైన తహామీ అన్నయ్యకు,

బతూల్ సలాములు. ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ మనిద్దరం ఫోన్లో మూడు నిమిషాలు దాటితే చాలు, నాన్న పోయిన రోజున ఎవరు ఎవర్ని ఏమన్నారన్న దగ్గరికే వెళ్ళి ఆగుతాం. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డురాలేవు.

నా నవల ‘నీళ్ళమ్మేవాడి గంట’ పోయిన నెలలో పంపాను, అందే ఉంటుంది. ఫెజ్‌లో హాజ్ మక్కీ ఐదువందల ప్రతులు వేశాడు. నలభై పోయాయి. మిగతావన్నీ మా హాల్లో దివాన్ల కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. మొన్న ఆయన వచ్చి, రెండు గ్లాసుల పుదీనా టీ తాగి, అసలు సంగతి చెప్పాడు. “చూడమ్మా బతూల్, రంజాన్ వచ్చేలోపల ఇవి కదలకపోతే తూకానికి వేసేస్తాను. రెండో పుస్తకం మాట ఇక నా దగ్గర ఎత్తకు. ఈ రోజుల్లో పుస్తకం కొట్టువాడు అమ్మడు. రాసినవాళ్ళే ఫోన్ ముందు కూర్చుని అమ్ముకోవాలి” అన్నాడు.

రెండో పుస్తకం సగం అయింది అన్నయ్యా. నా యాభై ఒకటో ఏట మొదలుపెట్టిన పని ఇది. ఇది ఆగిపోతే మళ్ళీ జెల్లాబా అంగీలకి పట్టు గుండీలు అల్లుకోవడమే.

అందుకని డాబా మీదికెక్కాను. కుస్కుస్ వండే కుండకి ఫోన్ ఆనించి, గాలి హోరు రాకుండా ఫోన్ మైకు మీద కాస్త ఉన్ని కట్టాను. పొద్దున్నే ఎండ పక్కనుంచి పడే వేళ చూసుకున్నాను. చేతిలో గుండీల పని లేకపోతే నా నాలుక కదలదు, అందుకని అల్లుకుంటూనే చెప్పాను. కరువు ఏడాదిలో నీళ్ళమ్మేవాడు, పేటలో అందరికీ ఊట చూపిస్తానని మాటిచ్చి బావిలోకి దిగుతాడు. అక్కడ ఆపాను. రెండు చేతులూ దోసిలి పట్టి, కాసేపు ఊరుకుని, “మిగతాది పుస్తకంలో ఉంది” అన్నాను. మొదటి వీడియో మూడువేలమంది చూశారు, రెండోది తొమ్మిదివేలు. అరవై పుస్తకాలు పోయాయి. మాంసం కొట్టు కద్దూర్ అయితే, “ఆ బావిలో ఏముందో చెబితేగాని కీమా కొట్టను” అని కత్తి పక్కన పెట్టాడు.

ఇప్పుడు నాకొచ్చిన సందేహం ఇది. నువ్వు నాలుగు నవలలు రాసినవాడివి. పైగా హెదీమ్ మైదానంలో నాన్న కథ చెబుతుంటే పక్కన కూర్చున్నది నువ్వు, ఆడపిల్లనని నన్ను తీసుకెళ్ళలేదు. జనం గుండ్రంగా నిలబడి వింటున్నప్పుడు, డప్పు తిరగేసి చిల్లర అడిగేముందు, నాన్న కథ ముడి దగ్గర ఆపేవాడా, ముడి విప్పేసి అడిగేవాడా? నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

నజీహా వదినకి ముద్దులు.

నీ చెల్లి,
బతూల్

*

టాంజియర్, నవంబరు 17

ప్రియమైన చెల్లి బతూల్‌కి,

నీ ఉత్తరం, అంతకుముందు నీ పుస్తకం, రెండూ అందాయి. పుస్తకం రెండు రోజుల్లో చదివాను. భాష తేలిగ్గా ఉంది. మొదటి పుస్తకానికి ఆ మాత్రం చాలు.

నీ వీడియోల గురించి నువ్వు రాయకముందే నాకు తెలుసు. పోయిన ఆదివారం నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వంటింట్లోంచి నీ గొంతు వినపడింది. నువ్వే చెప్పకుండా ఊడిపడ్డావనుకుని లేచి వెళ్ళాను. నజీహా సార్డీన్ చేపలు వేయిస్తూ, ఫోన్‌ని నూనెసీసాకి ఆనించి నిన్ను చూస్తోంది. “మీ చెల్లెలు ఎంత బాగా చెబుతోందండీ, చేప మాడిపోయినా తెలియలేదు” అంది. ఇరవై ఆరేళ్ళుగా నేను రాస్తున్నాను. నావల్ల ఆవిడ ఒక్క చేప కూడా మాడ్చుకోలేదు.

మర్నాడు బడిలో లెక్కల మాస్టారు అడిగాడు, “మీరు బతూల్‌గారి అన్నగారట కదా” అని. ఆయనకి నేను నా రెండో నవల సంతకం చేసి ఇచ్చి తొమ్మిదేళ్ళయింది. అది ఆయన బల్ల కాలు కింద ఊగకుండా పెట్టుకున్నాడు.

సరే. అడిగావు కనక చెబుతున్నాను. మొదటిది, ఆ గుండీలు పక్కన పెట్టు. రచయిత్రివా, దర్జీవా అని జనం అనుకుంటారు. రెండోది, పక్కింటి కోళ్ళు కూయకుండా చూసుకో. మూడోది ముఖ్యమైనది. కథ మధ్యలో ఆపి చేతులు చాపడం అడుక్కోవడం అవుతుంది. నాన్న ఆ పని ఎప్పుడూ చేయలేదు. కథ మొత్తం చెప్పి, ముడి పూర్తిగా విప్పి, ఆ తర్వాతే డప్పు తిరగేసేవాడు. జనం తృప్తితో వేసేవారు. ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి నేను, నాకు తెలుసు. నువ్వూ అలాగే చెయ్యి. ఊరించడం మానేసి ముగింపు చెప్పెయ్యి. జనం నీ నిజాయితీ చూసి కొంటారు.

నా కొత్త నవలకి కూడా వీడియో చేయమని మా ప్రచురణకర్త పట్టుబట్టాడు. నేను ఒప్పుకోక తప్పలేదు. అయితే నాది వేరే తీరుగా ఉంటుంది, చూద్దువుగాని.

నీ మేలు కోరే అన్నయ్య,
తహామీ

*

మెక్నెస్, డిసెంబరు 6

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. గుండీలు తీసేశాను. కోళ్ళని మాత్రం ఏమీ చేయలేకపోయాను, అవి హబీబావి, ఆవిడతో నాకు మాటల్లేవు. ముగింపు చెప్పేశాను. నీళ్ళమ్మేవాడికి బావి అడుగున ఊట దొరుకుతుంది, పేట పేటంతా తాగుతుంది, అతను మాత్రం గంట వాయిస్తూ గట్టు మీదే ప్రాణం వదులుతాడు.

అరవై ఒక్కవేలమంది చూశారు. ఆడవాళ్ళు ఏడ్చామని రాశారు. అగాదిర్‌లో ఒకావిడ తన కొడుక్కి ఆ నీళ్ళమ్మేవాడి పేరే పెడతానంది. స్నానాలకి హమ్మామ్‌కి వెళితే నా వీపు రుద్దే ఆవిడ డబ్బు తీసుకోలేదు.

పుస్తకాలు మాత్రం ఆగిపోయాయి. ఈ రెండు వారాల్లో నాలుగంటే నాలుగు. బాబ్ మన్సూర్ దగ్గరి కొట్టతను పన్నెండు ప్రతులు తిరిగి తెచ్చి గుమ్మంలో పెట్టాడు. “కథ వినేశాం కదమ్మా, చాలా బాగుంది, ఇక కొనడమెందుకు అంటున్నారు” అన్నాడు. అతనికి కోపం కూడా లేదు. కద్దూర్ ఇప్పుడు నన్నేమీ అడగడంలేదు, కీమా కొట్టి చేతికిచ్చేస్తున్నాడు.

నువ్వు చెప్పావు కనక కొన్నాళ్ళు చూస్తాను. నీ వీడియో చూశాను. వెనక పుస్తకాల బీరువా బాగుంది. కళ్ళజోడులో దీపం మెరిసి నీ కళ్ళు కనపడలేదు, ఈసారి దీపం పక్కకి పెట్టు. నీ గురించి నువ్వు చెప్పుకునేది కొంచెం తగ్గించు, పుస్తకం పేరు వచ్చేసరికి రెండున్నర నిమిషాలైంది.

నీ చెల్లి,
బతూల్

*

టాంజియర్, డిసెంబరు 15

ప్రియమైన బతూల్,

అరవై ఒక్కవేలు అని రాశావు. ఈ రోజుకి డెబ్బై మూడు దాటింది, నీకు తెలియకపోతే.

అమ్మకాల గురించి దిగులుపడకు. మంచి పుస్తకానికి ఓపిక కావాలి. నా మూడో నవల మొదటి ముద్రణ అమ్మడానికి పదకొండేళ్ళు పట్టింది, నేనేమైనా గోల చేశానా? ఊట దొరికే ఘట్టం వీడియోలో బాగానే చెప్పావు. నవలలో చదివినప్పుడే అక్కడ నా కళ్ళు చెమర్చాయి. గంట వాయిస్తూ పోవడం దగ్గర వాక్యాలు ఇంకొంచెం బిగించి ఉంటే బాగుండేది. ఏమైనా నువ్వు ధైర్యంగా ముడి విప్పావు, నాన్న ఉంటే మెచ్చుకునేవాడు. ఇప్పుడు మళ్ళీ వెనక్కి తగ్గకు.

నా వీడియో చూశానన్నావు కనక చెబుతున్నాను. యాభై రెండుమంది చూశారు. అందులో పదిహేను సార్లు నేనే, ఎంతమంది చూశారో చూడటానికి. దాని కింద మూడు మాటలు రాశారు. ఒకడు, “సార్, నేను మీ పాత విద్యార్థి సుఫియాన్‌ని, దీనిమీద హోంవర్కు ఉందా” అన్నాడు. ఇంకొకడు నా వెనక బీరువా అమ్ముతానా అని అడిగాడు. మూడోవాడు నీ వీడియోకి దారి అడిగాడు.

నిన్న దీపం పక్కకి జరిపి మళ్ళీ చేశాను. నజీహా ఫోన్ పట్టుకుంది. మధ్యలో ఆమె చెయ్యి వణికింది, నవ్వు ఆపుకుంటోందని తర్వాత తెలిసింది. “మీరు జనంతో మాట్లాడటంలేదండీ, హాజరు వేస్తున్నారు” అంది. ఆ సాయంత్రం నేను అన్నం ముట్టలేదు. ఆమె నా గదిలోకి రాకుండా వంటింట్లో కూర్చుని నీ నాలుగో వీడియో పెట్టుకుంది. తలుపు మూసి ఉన్నా నీ గొంతు వస్తూనే ఉంది.

నీ అన్నయ్య,
తహామీ

*

మెక్నెస్, జనవరి 12

ప్రియమైన అన్నయ్యకు,

చిన్న ఉత్తరమే రాస్తున్నాను. హాజ్ మక్కీ కబురు పంపాడు. వచ్చే నెల అయిదో తారీకున, గురువారం, బండి పంపి పెట్టెలు తీసుకెళతాడట. మూడువందల తొంభై నాలుగు ప్రతులు. ఆయన తప్పేమీ లేదు, ముందే చెప్పాడు. రెండో పుస్తకం కాగితాలు సంచిలో పెట్టి అల్మరా పైన పడేశాను.

తొంభైవేలమంది నన్ను చూశారు. వీధిలో ముసలివాళ్ళు ఆపి దీవిస్తున్నారు. ఎవరూ పుస్తకం అడగడంలేదు.

నీ సలహాని నేను తప్పుపట్టడంలేదు. నాన్న అలా చేసేవాడని నువ్వన్నావు, చేశాను. నాకే చేతకాలేదనుకుంటాను. రంజాన్‌కి ముందు పెళ్ళిళ్ళున్నాయి, గుండీల పని చాలా వచ్చింది. నీ పుస్తకం ఎలా ఉందో రాయి.

బతూల్

*

టాంజియర్, జనవరి 27

నా చెల్లి బతూల్‌కి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. మొదటి మూడూ చింపేశాను, వాటిలో నేను మంచివాణ్ణిగా కనపడుతున్నాను.

నీతో అబద్ధం చెప్పాను. నాన్న ఏ రోజూ ముడి విప్పి చిల్లర అడగలేదు. రాక్షసుడి చేతిలో కత్తి లేవగానే ఆగేవాడు. డప్పు తిరగేసి, చేతులెత్తించి, అందరిచేతా ఆమీన్ అనిపించి, గుండ్రమంతా ఒకసారి తిరిగి వచ్చాకే కత్తి దిగేది. ముందే విప్పితే జనం బట్టలు దులుపుకుని వెళ్ళిపోతారని మైదానంలో కోతులాడించేవాడికి కూడా తెలుసు. నీకు తెలియదని నాకు తెలుసు. నువ్వెప్పుడూ అక్కడ లేవు. అందుకే ధైర్యంగా రాశాను.

ఎందుకు రాశానో కూడా చెబుతాను. నీ మీద నాకు కుళ్ళు. ఈ మాట కొత్తది కాదు, నీ వీడియోలతో వచ్చిందీ కాదు. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక శుక్రవారం నాన్న నన్ను గుండ్రం మధ్యలో నిలబెట్టి, “ఈ రోజు మా వాడు చెబుతాడు” అన్నాడు. చెప్పాను. నోరెండిపోయింది, కళ్ళు మూసుకుని పలకమీద పాఠంలా అప్పజెప్పాను. కళ్ళు తెరిచేసరికి అందరూ వెళ్ళిపోయారు. నాన్న డప్పు చంకలో పెట్టుకుని, ఏమీ అనకుండా ఇంటికి తీసుకొచ్చాడు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం కుస్కుస్ తిన్నాక నేను మెట్లమీద పడుకున్నాను. కింద నువ్వు బాకలా చిక్కుళ్ళు ఒలుస్తూ అదే కథ అమ్మకి చెబుతున్నావు. ఇంట్లో నాన్న సాధన చేస్తుంటే విని నేర్చుకున్నావు కాబోలు. నీకు తొమ్మిదేళ్ళు. నాన్న పడీపడీ నవ్వాడు. తర్వాత అమ్మతో, “ఇది మగపిల్లాడై పుట్టి ఉంటే నాకు ఏ దిగులూ ఉండేది కాదు” అన్నాడు.

ఆ మాట నలభై మూడేళ్ళుగా మోస్తున్నాను. నాలుగు నవలలూ ఆ మాటకి జవాబుగానే రాశాను. ఎవరూ చదవలేదు. అప్పుడు నువ్వు డాబా ఎక్కి, కుస్కుస్ కుండకి ఫోన్ ఆనించి, గుండీ అల్లుకుంటూ నోరు తెరిచావు. అంతే. నాన్న గొంతు, నాన్న ఆగడం, నాన్న చేతులు. తొమ్మిదివేలమంది గుండ్రంగా నిలబడ్డారు. నువ్వు పడిపోవాలని కోరుకున్నాను బతూల్. దానికి నాన్న పేరు వాడుకున్నాను.

హాజ్ మక్కీకి నిన్న ఫోన్ చేసి, పెట్టెలు రంజాన్ దాటేదాకా ఉంచమన్నాను. “మీరెవరు” అన్నాడు. బతూల్ అన్నయ్యనన్నాను. బండి మాట్లాడేశానన్నాడు. నేనిక చేయగలిగింది లేదు. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. ఇంతకుమించి దాచింది నా దగ్గర ఏమీ లేదు.

తహామీ

*

మెక్నెస్, ఫిబ్రవరి 8

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వెంటనే రాయకపోవడానికి కారణం కోపం ఒక్కటే కాదు, తీరిక కూడా లేదు.

గురువారం బండి వచ్చింది. పెట్టెలు తూకానికి వెళ్ళలేదు, కసాబ్లాంకా కొట్లకి వెళ్ళాయి. జరిగింది ఇది. నీ ఉత్తరం అందిన వారంలోనే, ఖెనిఫ్రాలో ఒక నర్సు నా పుస్తకం కొని చదివిందట. వీడియో కింద రాసింది, “ఈవిడ అబద్ధాలకోరు, పుస్తకంలో ఊట దొరకనే దొరకదు” అని. దొరుకుతుందని పదిమంది దెబ్బలాటకి వచ్చారు, రాసినావిడే తన నోటితో చెప్పింది కదా అన్నారు. నర్సు ఊరుకునే మనిషి కాదు, నీకు చేతనైతే కొని చూసుకో అంది. కొని చూసుకున్నారు. వాళ్ళు ఇంకొకళ్ళతో పోట్లాడారు. కద్దూర్ మూడు ప్రతులు కొని, మాంసంతోపాటు అద్దెకిస్తున్నాడు. హాజ్ మక్కీ వెయ్యి ప్రతులు మళ్ళీ వేస్తున్నాడు, అల్మరా మీది సంచి దింపమన్నాడు.

ఇక మన సంగతి. నాన్న ముడి విప్పేవాడు కాదని నాకు నీ ఉత్తరం రాకముందు నుంచీ తెలుసు. నీ పాత జెల్లాబా తొడుక్కుని, టోపీ ముక్కుదాకా లాక్కుని, ఆ గుండ్రంలో నేను ఎన్నిసార్లు నిలబడ్డానో అమ్మకి ఒక్కదానికే తెలుసు. నవంబరులో నిన్ను అడిగింది తెలియక కాదు. నువ్వు పెద్దవాడివి, అడిగితే సంతోషిస్తావని అడిగాను. నువ్వు రాసింది చూసి, ఆ ఉత్తరాన్ని గుండీల బుట్టలో పడేశాను.

తర్వాత పంతం వచ్చింది. ముగింపు చెప్పమన్నావు కదా, చెప్పాను. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాను. ఆ ఊట, ఆ జనం తాగడం, గట్టు మీద ప్రాణం పోవడం, ఏదీ పుస్తకంలో లేదు. చదివినవాడైతే ఇదేమిటే అని రాస్తాడు, అప్పుడు ఇద్దరం నవ్వుకుందాం అనుకున్నాను. నవలలో చదివినప్పుడే కళ్ళు చెమర్చాయని రాశావు. వాక్యాలు బిగించమన్నావు.

నాలుగు పేజీల నిండా తప్పులు ఒప్పుకుని, దాచింది ఇంకేమీ లేదన్నావు. అదొక్కటీ దాచావు. అబద్ధపు సలహా ఇచ్చినందుకు నాకు అంత బాధ లేదన్నయ్యా. నాకూ నీ మీద కుళ్ళు ఉండేది, ప్రతి శుక్రవారం నాన్న నీ చెయ్యి పట్టుకుని వీధి మలుపు తిరుగుతుంటే నేను గుమ్మంలో నిలబడేదాన్ని. నాన్న ఆ రోజు అన్న మాట నీకు గుచ్చుకుందన్నావు. నేనూ విన్నాను. అది నాకు మెప్పు కాదు. నువ్వు ఆడపిల్లవి, ఇక అడగకు అని ఆయన చెప్పడం అది. చిక్కుళ్ళు ఒలవడం పూర్తిచేసి లోపలికి వెళ్ళి ఏడ్చాను. అదంతా సరే. నీ చెల్లెలు యాభై ఏళ్ళు దాటాక ఒక పుస్తకం రాసి పంపిస్తే నువ్వు తెరవలేదు. నన్ను బాధపెట్టింది అది.

పుస్తకంలో ఏముందో ఇప్పుడైనా చెబుతాను. నీళ్ళమ్మేవాడికి ఊట దొరకదు. ఖాళీ తోలుసంచితో మైదానం మధ్య నిలబడి, కళ్ళు మూసుకుని, నీళ్ళ గురించి చెబుతూనే ఉంటాడు. దాహంగా ఉన్న జనం ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. అందరూ వెళ్ళరు. ఒక పిల్ల మిగులుతుంది.

ఆ శుక్రవారం నువ్వు కళ్ళు తెరిచేసరికి నేను ఇంటి దారి పట్టాను, నాన్న కంట పడితే చంపేస్తాడని. నువ్వు చెప్పింది ఆఖరి మాటదాకా విన్నాను. మధ్యాహ్నం అమ్మకి చెప్పింది నాన్న దగ్గర నేర్చుకున్న కథ కాదు, నీ దగ్గర విన్న కథ. చివర్లో గుర్రం తిరిగి రావడం నాన్న కథలో లేదు, అది నువ్వు కలిపావు. నాన్న నవ్వింది అక్కడే.

వీడియోలు ఎలా చేయాలో తర్వాత చెబుతాను, దీపం సంగతి మనం ఇంకా తేల్చుకోలేదు. ముందు బీరువాలోంచి ఆ పుస్తకం తియ్యి. మొత్తం చదవక్కర్లేదు, అట్ట తిప్పి మొదటి పేజీ చూడు. హాజ్ మక్కీ వద్దన్నా నేను పట్టుబట్టి వేయించిన అంకితం అక్కడ ఉంది:

‘మా అన్నయ్య తహామీకి. నువ్వు చెప్పిన కథ నేను విన్నాను.’

నీ చెల్లి,
బతూల్